ఊపిరి బిగపట్టమనేది ఎందుకు?

మా వదినగారు యాంజియోగ్రాం చేయించుకుని ఇంటికి రాగానే మొదట అన్నమాట ఏమిటో తెలుసా? "గుండెజబ్బు మనిషిని పడుకోబెట్టి ఊపిరి బిగపట్టమంటాడేమిటే ఆ డాక్టరు! ఉన్నది కాస్తా పోతుందేమోనని సగంలోనే వదిలేశాను."

ఆవిడ వదిలేయడంతో బొమ్మ చెదిరింది. రంగుమందు మళ్ళీ ఎక్కించి మరోసారి తీయవలసి వచ్చింది. చక్కెర వ్యాధి ఉన్న మనిషి. ఆ మందు ఎక్కువైతే మూత్రపిండాలకు మంచిది కాదు. రేపు మీవారికో, మీ అత్తగారికో ఈ పరీక్ష అవసరం కావచ్చు. అందుకే ఈ ఊపిరి సంగతి కాస్త చెప్పుకుందాం.

గుండె కొట్టుకుంటుందని అందరికీ తెలుసు. ఉన్నచోటు నుంచి జరుగుతుందని మాత్రం చాలామందికి తెలియదు. గుండె కింద ఉదర వితానమనే కండరపు పొర ఉంటుంది. డాక్టర్లు డయాఫ్రం అంటారు. గాలి పీలిస్తే అది దిగుతుంది, వదిలితే పైకి వస్తుంది. మామూలు ఊపిరికే ఒకటి రెండు సెంటీమీటర్లు! దానిమీద ఆనుకున్న గుండె అంత కాకపోయినా చాలావరకు దానితోపాటే దిగుతుంది. మరి గుండెకు రక్తమిచ్చే నాళం వెడల్పు ఎంతనుకున్నారు? మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఊగే ఉయ్యాలలో పాపాయికి కాటుక పెట్టడమన్నమాట.

1977లో జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు మెలకువగా ఉన్న రోగి గుండెనాళంలో మొదటిసారి బుడగ ఊది దారి వెడల్పు చేశాడు. అప్పుడైనా ఇప్పుడైనా ఎక్స్‌రే తెరమీద ఆ నాళం కనిపించేది రంగుమందు పారే కొద్ది క్షణాలే. ఆ కాసేపు కదలకుండా ఉండమనే ఊపిరి ఆపమంటారు.

ఇప్పుడు ముందే తీసిన బొమ్మను తెరమీద పరిచి, దాన్ని దారి చూపే పటంలా వాడుకునే పద్ధతి కూడా ఉంది. చిక్కల్లా ఏమిటంటే, మనిషి ఊపిరి తీస్తాడు గాని బొమ్మ తీయదు కదా! అందుకని కంప్యూటరు ఉదర వితానం అంచునో, లోపలి తీగ కొసనో కనిపెడుతూ, పటాన్ని కూడా అంత మేరా జరుపుతుంది. అయితే గుండె జరిగే తీరు అందరిలో ఒకేలా ఉండదు.

గుండె లయ తప్పినవారికి చేసే చికిత్స ఇంకా సున్నితం. గుండె లోపలి గోడమీద చిన్న చిన్న చోట్లను వేడితో మాడుస్తారు. ఎడమ పైగదికి వెనకే అన్నవాహిక ఉంటుంది, గురి తప్పకూడదు. గంటల తరబడి పని, అంతసేపు ఊపిరెవరు బిగపడతారు? కనుక యంత్రమే ఛాతీలో విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధాన్ని కొలుస్తుంది. ఊపిరితిత్తుల్లో గాలి నిండితే ఆ నిరోధం పెరుగుతుంది. ఊపిరి వదిలాక, మళ్ళీ పీల్చేలోపు ఒక చిన్న విరామం ఉంటుంది చూశారూ, ఆ క్షణాల్లో మాత్రమే తీగ ఉన్నచోటును పటంలో గుర్తిస్తుంది. మత్తులో గురకపెట్టే మగవారితో దీనికీ తంటాయే! ఊపిరి అస్తవ్యస్తమై పటం తప్పుతుంది.

పరీక్షకు ముందు ఇంట్లో పడుకుని నాలుగుసార్లు అలవాటు చేయించండి. ముక్కుతూ బిగపట్టకూడదు, మెల్లగా పీల్చి ఊరికే ఆపాలి. ఉబ్బసం ఉన్నా, చెవి సరిగా వినపడకపోయినా ముందే చెప్పండి. సైగ చేసి ఆపమంటారు.