ఉప్పుకో ట్రిప్పు, పప్పుకో ట్రిప్పు

ఒరేయ్ అబ్బాయ్, డిజైన్ ప్యాటర్న్‌లంటే ఇంటర్వ్యూకి బట్టీపట్టే పేర్లని ఎవడు చెప్పాడురా నీకు? ఇలా వచ్చి కూర్చో.

ప్యాటర్న్ అన్న మాట ముందు ఇళ్లు కట్టేవాళ్లది. క్రిస్టఫర్ అలెగ్జాండర్ అనే ఆర్కిటెక్టు 1977లో తోటివాళ్లతో కలిసి 253 ప్యాటర్న్‌లతో పుస్తకం వేశాడు. ఆ ఊహనే 1994లో నలుగురు సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చారు. సరే, ఆ నలుగురి కథ మీ కాలేజీలో చెప్పే ఉంటారు. నేను చెప్పేది ఎంటర్‌ప్రైజ్ జావా సంగతి.

1998లో సన్ కంపెనీ ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్ (ఈజేబీ) తెచ్చింది. అందులో సర్వర్లో పనిచేసే ఒక్కో ముక్కా ఒక బీన్. మొదట్లో ఆ బీన్ పక్కనే, అదే సర్వర్లో ఉన్నా సరే, దూరాన ఉన్నట్టే పిలవాలి. కస్టమర్ పేరు కావాలా? ఒక పిలుపు. ఊరు? ఇంకోటి. ఫోన్ నంబరు? మళ్లీ ఇంకోటి. నిజంగానే వేరే మిషన్‌లో ఉంటే ప్రతి పిలుపూ నెట్‌వర్కు మీద వెళ్లి రావాలి. ఉప్పుకోసారి, పప్పుకోసారి, చింతపండుకోసారి కిరాణా కొట్టుకి పరిగెత్తినట్టు. మీ నాయనమ్మైతే చీటీ రాసిచ్చి, అన్నీ ఒకే సంచిలో తెమ్మంటుంది.

ఆ సంచే ట్రాన్స్‌ఫర్ ఆబ్జెక్ట్, మీరు డీటీవో అనేది. అందులో తెలివేమీ ఉండదు. నాలుగు ఫీల్డులు, వాటికి గెట్టర్లు, అంతే. చీటీ పుచ్చుకుని లోపల పది బీన్‌లను తిప్పలుపెట్టి పని చేయించేది సెషన్ ఫసాడ్. అసలు బీన్ ఎక్కడుందో వెతికిపెట్టడానికి సర్వీస్ లొకేటర్ అని మరొకటి. 2001లో వీటన్నిటికీ 'కోర్ జె2ఈఈ ప్యాటర్న్స్' అని పుస్తకమే వచ్చింది. నన్నడిగితే వాటిలో చాలావరకు ఆ ఈజేబీ తెచ్చిపెట్టిన జబ్బుకి మందులే.

జబ్బు తగ్గాక మందు మానాలిగా? 2001లోనే, పక్కనున్న బీన్‌ని నేరుగా పిలవడానికి లోకల్ ఇంటర్‌ఫేసులొచ్చాయి. 2004లో స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్కు 1.0 వచ్చింది. కావాల్సిన వస్తువుని నువ్వు వెతుక్కోనక్కర్లేదు, దాని కంటెయినరే తెచ్చి చేతికిస్తుంది. దాంతో సర్వీస్ లొకేటర్‌తో పని తగ్గింది. 2006లో ఈజేబీ 3.0 కూడా ఆ దారికే వచ్చింది: మామూలు క్లాసు, పైన ఒక అనొటేషన్.

సంచి మాత్రం పోలేదు. బ్రౌజర్‌కి పంపేటప్పుడు పాస్‌వర్డ్ హ్యాష్‌లాంటివి బయటికి పోకుండా చూసుకోవాలి కదా, అక్కడ అది ఉండాల్సిందే. కానీ నీ కోడ్‌లో సర్వీసుకీ రిపాజిటరీకీ మధ్య కూడా కస్టమర్‌ని కస్టమర్‌డీటీవోలోకి ఫీల్డు ఫీల్డూ కాపీ కొడుతున్నావు. రెండూ ఒకే మిషన్‌లో, ఒకే ప్రాసెస్‌లో ఉన్నాయి కదరా! ఎందుకూ అంటే ఏమంటావు? 'ప్రాజెక్టులో ముందునుంచీ అలాగే ఉంది తాతయ్యా' అనేగా?