మీకు తెలుసా? పాత జీపు పట్టు వెనక ఇరుసులో ఉంది

వాన వెలిసిన మట్టిదారి. పాత విల్లీస్ జీపు వెనక ఎడమ చక్రం గుంటలోకి జారింది. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ ఆ చక్రం గిర్రున తిరుగుతూ వెనకున్న వాళ్ల బట్టల మీద బురద చిమ్ముతోంది. కుడి చక్రం మాత్రం గట్టి నేల మీద ఉండి కూడా అంగుళం కదలదు. ‘ఇంజనులో పస అయిపోయిందండీ’ అని గట్టు మీదివాళ్లు తేల్చేస్తారు. పాపం, ఇంజను తప్పేం లేదు. పాత జీపులను ముచ్చటపడి బాగుచేయించుకునేవాళ్లు ముందుగా వెనక ఇరుసు మీద ఎందుకు పడతారో చూద్దాం రండి.

ఎడ్లబండికి లేని చిక్కు

ఎడ్లబండి ఇరుసు తిరగదు. దాని చివర్లలో రెండు చక్రాలూ దేని మానాన అది తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడిచినా బండికి ఇబ్బంది లేదు. లాగేవి ఎడ్లు కదా! మోటారు బండిలో చక్రాలనే తిప్పాలి. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే మలుపులో ఏదో ఒక టైరు నేలను గీరుకుంటూ పోవాలి. ఆ బాధ తప్పించేదే డిఫరెన్షియల్. ఫ్రాన్స్‌కు చెందిన ఒనెసిఫోర్ పెకర్ 1820ల చివర్లో ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన వృత్తి గడియారాలు చేయడం!

సమానంగా పంచడమే తంటా

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన టార్క్, అంటే తిప్పే బలం, పంచుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ బురదలో ఉన్న చక్రం 100 పాళ్ల బలానికే జారిపోతే గట్టి నేల మీది చక్రానికి దక్కేదీ ఆ 100 పాళ్లే. అది 1,000 పాళ్లు తట్టుకోగలిగినా లాభం లేదు. బండిని లాగే మొత్తం బలం 200 దగ్గరే ఆగిపోతుంది. రెండు చక్రాలనూ కలిపి బిగిస్తే అదే బండికి 1,100 పాళ్లు దొరుకుతాయి. ఇంజను అదే, టైర్లూ అవే.

రైతుకు తెలిసిన రహస్యం

ఈ కిటుకు మన పల్లెలకు కొత్తది కాదు. ట్రాక్టరు సీటు దగ్గర, కాలి మడమకు అందేలా ఒక చిన్న పెడల్ ఉంటుంది. వరి మడిలో దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం జారుతుంటే డ్రైవరు దాన్ని నొక్కుతాడు. రెండు వెనక చక్రాలూ ఒక్కటైపోయి ట్రాక్టరు గట్టెక్కుతుంది. అదే డిఫ్ లాక్. మలుపు తిప్పేముందు కాలు తీసేయాలని కూడా అతనికి తెలుసు. పాత జీపుకు ‘లాకర్’ వేయించడమంటే ఆ పెడల్ పనిని జీపు ఇరుసులోకి తేవడమే.

ముందుది ఉండగా వెనకదే ఎందుకు?

ఎత్తు ఎక్కేటప్పుడు బండి బరువు వెనక్కి ఒరుగుతుంది. అప్పుడు ఎక్కువ పట్టు దొరికేది వెనక టైర్లకే. పైగా ముందు ఇరుసును బిగిస్తే స్టీరింగ్ తిప్పడం గగనమైపోతుంది. పవర్ స్టీరింగ్ లేని పాత జీపులో అయితే భుజాలు పట్టేస్తాయి. అందుకే లాకర్ ఒకటే వేయించగలిగితే వెనక వేయించడం ఆనవాయితీ.

39 బై 8, 43 బై 8

రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ ఎంబీ వెనక ఇరుసు నిష్పత్తి 4.88. పెద్ద క్రౌన్ చక్రానికి 39 పళ్లు, చిన్న పినియన్‌కు 8. యుద్ధం ముగింపుకొస్తుండగా 1945లో పొలం పనుల కోసం వచ్చిన సీజే-2ఏలో క్రౌన్ పళ్లు 43 అయ్యాయి, నిష్పత్తి 5.38కి పెరిగింది. గేర్‌బాక్సు, ముందూ వెనకా ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కూడా మారాయి. ఫలితం చూడండి. లో రేంజిలో మొదటి గేరు వేస్తే ఎంబీలో చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజను దాదాపు 26 చుట్లు తిరగాలి. సీజేలో 37 చుట్లు! వేగం తగ్గి బలం పెరిగింది. సైనికుడి బండి రైతు చేతికొచ్చి నాగలి లాగింది.

ఒకటి మారిస్తే రెండోదీ మారాలి

వెనక క్రౌన్ పినియన్ నిష్పత్తి మార్చి ముందు ఇరుసును అలాగే వదిలేస్తే ఏమవుతుంది? ఫోర్ వీల్ వేయగానే ముందు చక్రాలు ఒక లెక్కలో, వెనక చక్రాలు మరో లెక్కలో తిరగాలని చూస్తాయి. గట్టి నేల మీద ఆ పేచీ అంతా షాఫ్టుల మీద, ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. ఏదో ఒకటి తెగేదాకా ఊరుకోదు. కాబట్టి నిష్పత్తి మార్పు ఎప్పుడూ జంట ఖర్చే. లాకర్ మాత్రం వెనక ఒక్కదానికే వేయించుకోవచ్చు.

మోసేది ఒకటి, తిప్పేది ఒకటి

ఎంబీ వెనక ఇరుసు ‘ఫుల్ ఫ్లోటింగ్’ రకం. బండి బరువును బయటి గొట్టం, హబ్బు బేరింగులు మోస్తాయి. లోపలి షాఫ్టుకు తిప్పడం తప్ప వేరే పనిలేదు. హబ్బు మీద బోల్టులు విప్పితే జాకీ పెట్టకుండానే షాఫ్టు చేతికొస్తుంది. అది విరిగినా చక్రం ఊడదు. యుద్ధభూమికి తగిన ఏర్పాటు! తొలి సీజే-2ఏలలోనూ ఇదే ఉండేది. తర్వాత ‘సెమీ ఫ్లోటింగ్’ వచ్చింది. ఇందులో షాఫ్టే తిప్పాలి, షాఫ్టే మోయాలి. హబ్బు దగ్గర అది పుటుక్కుమంటే చక్రం, డ్రమ్ము దారి పట్టుకుని పోతాయి.

వేలెడంత ముక్క మీద అంత భారం

సీజే-3బీ లాంటి పాత జీపుల ‘డానా 44’ రకం వెనక ఇరుసు చివర చూస్తే షాఫ్టు కోసుగా సన్నబడి ఉంటుంది. దాని మీద హబ్బు బిగువుగా కూర్చుంటుంది. రెండూ జారకుండా గాడిలో ఒక చిన్న ఉక్కు కీ, పైన పెద్ద నట్టు, దానికో పిన్ను. నట్టు కాస్త వదులైందా, హబ్బు కదలడం మొదలై కీ గాడిని నమిలేస్తుంది. ఇంజను తిరుగుతుంది, షాఫ్టు తిరుగుతుంది, చక్రం మాత్రం నిలబడి చూస్తుంది. డ్రమ్ము విప్పాలంటే పెద్ద పుల్లర్ కావాలి. సుత్తితో కొడితే షాఫ్టు చివరి మరలు చెడిపోతాయి. హబ్బు అంచు, షాఫ్టు కలిసి ఒకే ముక్కగా ఉండే రకానికి మారడం ఈ తలనొప్పికి మందు.

పక్కకు జరిగిన గుండ్రటి పెట్టె

విల్లీస్ జీపు కింద దూరి చూడండి. వెనక ఇరుసు మీద డిఫరెన్షియల్ ఉండే గుండ్రటి పెట్టె నడిమధ్యన ఉండదు, కుడివైపు జరిగి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు బయటికొచ్చేది ఆ పక్క నుంచే మరి. అందువల్ల వెనక షాఫ్టుల్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పాత సామాన్ల దుకాణంలో బలమైన ఇరుసు చవగ్గా దొరికిందని తెచ్చేసుకుంటే ప్రొపెల్లర్ షాఫ్టు దానికి వంకరగా చేరుతుంది. కొలవకుండా కొనకూడని సరుకు ఇది.

పట్టు పెంచే నాలుగు దారులు

మొదటిది లిమిటెడ్ స్లిప్. సాధారణంగా రెండు చక్రాల మధ్య రాపిడి పలకలు పెట్టి జారుడును అదుపు చేస్తుంది. ఆటో యూనియన్ రేసు కార్ల కోసం 1935లో ఫెర్డినాండ్ పోర్షా జడ్ఎఫ్ కంపెనీతో చేయించింది ఈ కోవదే. అమ్మకపు కార్లలో 1956లో ప్యాకర్డ్ తెచ్చింది. రాపిడి పలకల రకానికి ప్రత్యేక నూనె కావాలి.

రెండోది ఆటోమేటిక్ లాకర్. పాత పెట్టెలోనే స్పైడర్ గేర్లు, అంటే డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్లచక్రాలు, తీసి ఆ చోట అమర్చుకునే రకాన్ని అమెరికాలో ముద్దుగా లంచ్‌బాక్స్ అంటారు. తిన్నగా పోతే రెండు చక్రాలనూ బిగించి ఉంచుతుంది, మలుపులో బయటి చక్రాన్ని టకటకమంటూ వదులుతుంది. ఆ చప్పుడు విని బండి పాడైందని కంగారుపడేవాళ్లు ఉన్నారు.

మూడోది గాలితో బిగిసేది. చిన్న కంప్రెసరు, ఒక స్విచ్చు. అక్కర లేనప్పుడు మామూలు డిఫరెన్షియలే. ఆస్ట్రేలియాలో పుట్టిన ఏఆర్బీ ఎయిర్ లాకర్ దీనికి పెట్టింది పేరు. జీప్ కంపెనీ 2003 రాంగ్లర్ రూబికాన్‌లో ముందూ వెనకా డానా 44 ఇరుసులు పెట్టి రెంటికీ గాలి లాకర్లు ఫ్యాక్టరీలోనే బిగించింది.

నాలుగోది మనకు బాగా దగ్గరిది. 2015లో మెరుగులు దిద్దిన మహీంద్రా థార్ వెనక ఇరుసులో ఈటన్ మెకానికల్ లాకర్ వచ్చింది. ఒక చక్రం రెండోదాని కంటే నిమిషానికి సుమారు 100 చుట్లు ఎక్కువ తిరిగితే లోపలి చిన్న బరువులు విచ్చుకుని కొక్కేన్ని పడేస్తాయి. రెండు చక్రాలూ బిగుస్తాయి. గంటకు 30 కిలోమీటర్లు దాటితే అది బిగుసుకోదు. స్విచ్చు లేదు, తీగ లేదు.

బలహీనత చోటు మార్చుకుంటుంది

లాకర్ వేశాక పట్టున్న ఒక్క చక్రం మీదే బలమంతా పడొచ్చు. ఇంతకాలం సగం భారంతో బతికిన పాత షాఫ్టు అప్పుడు మొరాయిస్తుంది. పాత సిరీస్ ల్యాండ్ రోవర్ల 10 స్ప్లైన్ల (గాడుల) వెనక షాఫ్టులు విరగడంలో పేరుమోసినవి. దూరప్రయాణికులు ఒక జత అదనంగా మోసుకెళ్లేవారు. 1976 నుంచి 86 దాకా సీజేలకు వచ్చిన ఏఎంసీ 20 ఇరుసులో షాఫ్టు, హబ్బు వేర్వేరు ముక్కలు. ఎక్కువ బలం పడితే హబ్బు షాఫ్టు మీదే జారి తిరిగేది. షాఫ్టు లావు పదో వంతు పెంచితే మెలి తట్టుకునే శక్తి దాదాపు మూడో వంతు పెరుగుతుంది. కాబట్టి లాకర్‌కు డబ్బు తీసేటప్పుడే షాఫ్టులకూ తీసి పెట్టుకోవాలి.

రెండు కాగితాల మందం

కొత్త క్రౌన్, పినియన్ కూర్చేటప్పుడు పంటికీ పంటికీ మధ్య వదిలే సందు మిల్లీమీటరులో ఐదో వంతుకు అటూ ఇటూ. అంటే రెండు కాగితాల మందం. మెకానిక్ పళ్లకు రంగు పూసి, చేత్తో తిప్పి, రంగు ఎక్కడ చెరిగిందో చూస్తాడు. మచ్చ పంటి నడుమ పడాలి. చివరకో మొదలుకో పడితే మళ్లీ విప్పి, పల్చటి షిమ్ములు మార్చి, మళ్లీ రంగు. ఒక్కోసారి ఇందుకే రోజంతా పడుతుంది. ‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అన్నారు పెద్దలు. కందెన ఉన్నా సందు కుదరకపోతే సంగీతం తప్పదు. ఈలలాంటి మూలుగు వినిపిస్తే నూనె పోసి ఊరుకోకండి, విప్పించి చూడండి.

చెయ్యి బ్రేకును నమ్మకండి

పాత విల్లీస్ జీపుల్లో హ్యాండ్‌బ్రేకు పట్టేది చక్రాలను కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక తిరిగే షాఫ్టును. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండికి వెనక ఒక్క చక్రం జాకీతో లేపారనుకోండి. బ్రేకు లాగి ఉన్నా లేచిన చక్రం వెనక్కి తిరుగుతుంది, నేల మీది చక్రం ముందుకు దొర్లుతుంది, జీపు జాకీ మీంచి దిగిపోతుంది. ఇరుసు పని మొదలుపెట్టే ముందు ముందు చక్రాలకు రెండువైపులా రాళ్లో దిమ్మెలో పెట్టాల్సిందే.

చట్టం మాట

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి గట్టిగా చెప్పింది. అరిగిన భాగానికి బదులు అదే భాగం వేయడం ఒకటి, ఇరుసునే మార్చేయడం మరొకటి. రెండో పని తలపెడితే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి.

ఖర్చులేని పట్టు

బురదలో దిగే ముందు టైర్లలో గాలి 30 పీఎస్ఐ నుంచి 18 దాకా తగ్గిస్తే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుని పట్టు పెరుగుతుంది. తారు రోడ్డెక్కాక మళ్లీ కొట్టించడం మరవకండి. ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే యాక్సిలరేటర్ ఇంకా తొక్కకండి. బొర్రా గుహల దగ్గర కటికి జలపాతం దారిలాంటి రాళ్లబాటల్లో జీపులు నడిపే డ్రైవర్లను గమనించండి. వాళ్లు ఎక్కడా ఇంజనును అరిపించరు.

ఈ ఆదివారం మీరే లెక్కపెట్టండి

మీ దగ్గర పాత జీపు ఉంటే ముందు చక్రాలకు దిమ్మెలు పెట్టి, వెనక ఒక చక్రం లేపి, ఇరుసు కింద స్టాండు పెట్టండి. గేరు న్యూట్రల్, ఫోర్ వీల్ తీసేసి, హ్యాండ్‌బ్రేకు వదలండి. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దతో గీత గీసి, లేచిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పించండి. షాఫ్టు ఐదు చుట్లకు రవ్వంత తక్కువ తిరిగితే మీది 4.88. ఐదు దాటి ఇంకో మూడో వంతుకు పైగా తిరిగితే 5.38. చక్రం అసలు తిరగనంటే ఎవరో మీకంటే ముందే లోపల లాకర్ బిగించి ఉండొచ్చు. లాకర్ కొనేందుకు డబ్బు తీసేది ఆ లెక్క తేలాకే.