స్నేహితుడికిచ్చిన చిన్న సీసా - చట్టం ఏమంటుంది?



ఏటా వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మేము పిల్లలతో కాసేపు కూర్చుని మాట్లాడతాం. ఒకప్పుడు వారి ప్రశ్నలన్నీ పాలిటెక్నిక్ సీటు గురించి, ఆర్మీ సెలక్షన్ల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి ఉండేవి. ఇప్పుడు మరో ప్రశ్న కూడా వస్తోంది. "అన్నా, వేప్ అంటే సిగరెట్ కాదు కదా, ఉత్త ఆవిరే కదా! అందులో పోసే లిక్విడ్ మనమే కలుపుకుని ఫ్రెండ్స్‌కి ఇస్తే తప్పేముంది? డబ్బులు కూడా తీసుకోం." ఈ ప్రశ్నకు తీరిగ్గా జవాబు చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాం.

మన ప్రాంతానికి పొగ కొత్త కాదు

శ్రీకాకుళం జిల్లా తీర గ్రామాల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే మామ్మలను మనలో చాలామంది చూసే ఉంటారు. దీన్నే అడ్డపొగ అంటారు. మన జిల్లాలో 10 వేల మందికి పైగా గ్రామస్థులను పరీక్షించి, అడ్డపొగ తాగేవారి అంగిట్లో వచ్చే మార్పులను వివరిస్తూ వైద్య పరిశోధకులు 1971లోనే వ్యాసం ప్రచురించారు. అలా పరీక్షించిన వారిలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ అలవాటున్నవారే. ఆ మామ్మలు ఒకరికొకరు చుట్ట ఇచ్చుకున్నది ప్రేమతోనే. దానివల్ల ఏమవుతుందో వారికి చెప్పినవారు లేరు. మనకు ఆ సాకు లేదు.

సీసాలో ఏముంటుంది?

వేప్ అనేది బ్యాటరీతో పనిచేసే చిన్న పరికరం. అది ద్రవాన్ని వేడిచేసి పీల్చుకునే ఆవిరిగా మారుస్తుంది. ఆ ద్రవంలో సాధారణంగా ప్రొపైలిన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచికోసం ఫ్లేవర్, వీటితోపాటు నికోటిన్ ఉంటాయి. నికోటిన్ విషపదార్థం. చిక్కటి నికోటిన్ ద్రవం చర్మం మీద పడినా ఒంట్లోకి ఇంకుతుంది. ఇంట్లో అంచనాగా కలిపేటప్పుడు మోతాదు తప్పడం ఎంతసేపు? అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 2014 డిసెంబరులో ఏడాది వయసు పిల్లవాడు ఇలాంటి ద్రవం నోట్లోకి పోయి చనిపోయాడు. ఫ్లేవర్ల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తినడానికి పనికొచ్చేదల్లా ఊపిరితిత్తుల్లోకి పీల్చడానికి పనికిరాదు.

2019లో చేసిన చట్టం

కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు ద్వారా ఎలక్ట్రానిక్ సిగరెట్లను నిషేధించింది. అదే ఏడాది డిసెంబరులో దాని స్థానంలో పార్లమెంటు చేసిన చట్టం వచ్చింది. పలాసకైనా, టెక్కలికైనా, ఢిల్లీకైనా అదే చట్టం. అందులోని ముఖ్యాంశాలను పిల్లలు అడిగిన ప్రశ్నల వరుసలోనే చెబుతాం.

1. "నికోటిన్ కలపకపోతే?" చట్టంలోని నిర్వచనం ప్రకారం నికోటిన్ ఉన్నా లేకపోయినా ఒకటే.

2. "డబ్బులు తీసుకోకపోతే?" చట్టం అమ్మకాన్నే కాదు, తయారీని, రవాణాను, పంపిణీని, ప్రచారాన్ని కూడా నిషేధించింది. శాంపిల్‌గా ఉచితంగా ఇచ్చినా పంపిణీ కిందికే వస్తుంది. "ఊరకొస్తే నాకొకటి, మా అయ్యకొకటి" అని తీసుకునేవాడు అనుకోవచ్చు. ఇచ్చేవాడికి మాత్రం అది ఊరకే పోదు.

3. "పరికరం నాది కాదు, లిక్విడ్ ఒక్కటే నాది అంటే?" పూర్తి వస్తువైనా, దానిలో ఏ భాగమైనా అని చట్టంలో రాసి ఉంది. విడిగా ఉన్న ద్రవం ఆ భాగం కిందికి వస్తుందా రాదా అని లాయరుగారు కోర్టులో వాదించవచ్చు. అయితే ఆ వాదన మొదలయ్యేలోపే కేసు, ఖర్చు, తిరుగుడు మనవే.

4. "నేను తయారు చేయలేదు, నా ట్రంకు పెట్టెలో దాచానంతే అంటే?" తన ఆధీనంలో ఉన్న చోట తెలిసి నిల్వ ఉంచనివ్వడం వేరే నేరం. దానికి 6 నెలల వరకు జైలు లేదా 50 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు.

తయారీకి, అమ్మకానికి, పంపిణీకి మొదటిసారైతే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. మళ్ళీ చేస్తే 3 ఏళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. ఇది కాగ్నిజబుల్ నేరం. అంటే కోర్టు ఉత్తర్వు కోసం ఆగకుండానే పోలీసులు కేసు కట్టవచ్చు.

మరో సంగతి. అప్పుగా ఇచ్చిన సీసాకు మిత్రుడు డబ్బు ఎగ్గొడితే ఏ కోర్టూ ఇప్పించదు. చట్టవిరుద్ధమైన పనికోసం చేసుకున్న ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారమే చెల్లదు.

తాగినవాడికి ఏమైనా అయితే?

2019లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని వందలాదిమంది ఆసుపత్రి పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి ఆ సంఖ్య 2,807కు చేరింది. 68 మంది చనిపోయారు. గంజాయిలోని మత్తు పదార్థం కలిపిన ద్రవాల్లో వాడిన విటమిన్ ఇ అసిటేట్ దీనికి ప్రధాన కారణంగా తేలింది. బాధితుల్లో చాలామందికి అవి దుకాణాల్లో కాదు, స్నేహితుల ద్వారా, తెలిసినవారి ద్వారా వచ్చినవే.

మన దగ్గర అలాంటిది జరిగితే 2019 చట్టంతో ఆగదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం విషపదార్థంతో నిర్లక్ష్యంగా వ్యవహరించడం నేరమే. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 5 ఏళ్ళ వరకు జైలు. ద్రవంలో గంజాయి నూనె కలిపితే మాదకద్రవ్యాల చట్టం కూడా వచ్చి చేరుతుంది. 18 ఏళ్ళు నిండని వారికి పొగాకు ఉత్పత్తులు ఇస్తే బాలల న్యాయ చట్టం కింద 7 ఏళ్ళ వరకు కఠిన శిక్ష పడవచ్చు. నికోటిన్ పొగాకు నుంచి వచ్చేదే కాబట్టి ఈ సెక్షన్‌ను కూడా ప్రయోగించే అవకాశం ఉంటుంది. సెలవులకు వచ్చి చిన్నవాళ్ళకు "ఒకసారి లాగి చూడరా" అనే సీనియర్లు ఇది ముఖ్యంగా గమనించాలి.

మనం పోగొట్టుకునేది

మన తల్లిదండ్రుల్లో కొందరు కాశీబుగ్గలో జీడిపిక్కలు కొడతారు. కొందరు కొబ్బరితోటల్లో కూలికి వెళతారు, కొందరు వేటకు వెళతారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలిసిస్‌కు తిరిగే పెద్దలున్న ఇళ్ళెన్నో మనకు తెలుసు. ఆ ఇళ్ళు లక్ష రూపాయల జరిమానాను, కోర్టు వాయిదాలను మోయగలవా?

ఆర్మీకైనా, కానిస్టేబుల్ ఉద్యోగానికైనా, రైల్వేకైనా పోలీసు విచారణ తప్పదు. కేసు ఉన్న సంగతి ధృవీకరణ పత్రంలో దాచిపెడితే ఉద్యోగమే పోవచ్చు. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని వివరంగా చెప్పింది. 18 ఏళ్ళ లోపువారి కేసు బాల న్యాయ మండలికి వెళుతుంది. అక్కడ దిద్దుకునే అవకాశం ఇస్తారు. కానీ అమ్మానాన్నలు ఆ మెట్లెక్కి నిలబడాల్సిన రోజును తలుచుకోండి.

ఏం చేయాలి?

ఎవరైనా "దాచిపెట్టు" అని ఇస్తే తీసుకోవద్దు. మొహమాటపడకుండా "నాకొద్దురా" అనండి. అలవాటు పడినవారు మానాలనుకుంటే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కేసులో చిక్కుకున్నవారికి ఉచిత న్యాయసహాయం ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, పిల్లలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయరును పెడుతుంది. అందుకు 15100కు ఫోన్ చేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ద్రవం ఒంటిమీద పడితే వెంటనే బట్టలు విప్పించి నీళ్ళతో బాగా కడగండి. మిత్రుడికి వాంతులు, కళ్ళు తిరగడం, ఊపిరాడకపోవడం లాంటివి కనిపిస్తే కేసుకు భయపడి గదిలో పడుకోబెట్టవద్దు. వార్డెన్ గారిని లేపండి, 108కి ఫోన్ చేయండి. ఏం పీల్చాడో, ఏం తాగాడో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. కేసును తర్వాత ఎదుర్కోవచ్చు. పోయిన ప్రాణాన్ని తేలేం.

హాస్టల్లో మనం సబ్బు పంచుకున్నాం, దుప్పటి పంచుకున్నాం, ఇంటినుంచి వచ్చిన పచ్చడి పంచుకున్నాం. ఆ పంచుకోవడమే మనల్ని ఇంతవాళ్ళను చేసింది. ఇచ్చే చేతిలో ఏముందో చూసుకుని ఇవ్వాలన్నదే మా మనవి.