నవారు బిగువు, పెడన పువ్వు

సోఫా ముందు వేసుకుని కాళ్లు చాపుకునే మెత్తపీటను ఫర్నిచర్ షాపుల్లో పఫీ అంటున్నారు, కేటలాగుల్లో ఒట్టోమన్ అని రాస్తున్నారు. తుర్కుల దివాణాలను చూసి ముచ్చటపడి, 18వ శతాబ్దం చివర యూరప్ వాళ్లు తమ ఇళ్లకు తెచ్చుకున్న సామాను ఇది. ఉయ్యూరులో ఉన్నవాళ్లు దీనికోసం బెజవాడ షోరూములు తిరగనక్కర్లేదు. కర్ర, నవారు, దూది, బట్ట అన్నీ మన బందరు రోడ్డు వెంటే దొరుకుతాయి. వాటితో పని తెలిసిన చేతులూ ఇంకా ఉన్నాయి.

షాపులో చవకగా వచ్చే పఫీని తలకిందులు చేసి చూడండి. అడుగున పల్చని నల్లగుడ్డ, చుట్టూ గన్ పిన్నులు, లోపల ప్లైవుడ్ ముక్కలు, ఫోమ్. ఆ ఫోమ్ కుంగిందంటే బయట పారేయడమే. ఇంట్లో చేయించుకునేదానికి నేను పెట్టే షరతు ఒక్కటే: ప్రతి పొరా విప్పడానికి రావాలి.

చట్రానికి నల్లతుమ్మ చాలు. తరతరాలుగా నాగళ్లకూ బండ్లకూ వాడిన కర్ర అది. చేవ ఉన్న ముక్కే తీసుకోవాలి, పైనుండే తెల్లకర్ర పురుగు పట్టిపోతుంది. డెల్టా తేమలో కర్ర పూర్తిగా ఆరడానికి వ్యవధి ఇవ్వండి, వడ్రంగిని తొందరపెట్టకండి. కాళ్లకూ పట్టీలకూ మేకులు కొట్టడం కాకుండా కుసులు చెక్కి బిగించమనండి. పద్దెనిమిది అంగుళాల చదరం, మెత్తతో కలిపి సోఫా కంటే ఒకటి రెండు అంగుళాలు తక్కువ ఎత్తు ఉంటే మోకాళ్లకు హాయి.

అసలు పనితనమంతా నవారులో ఉంది. చివర రెండు మడతలు పెట్టి పట్టీకి మేకు కొట్టాలి. అవతలి పట్టీ మీదికి లాగి, ఒకరు బిగపట్టి ఉంటే మరొకరు కొట్టాలి. తర్వాత అడ్డనవారు, ఒకదాని పైనుంచి, మరోదాని కిందనుంచి. అంతా అయ్యాక వేలితో కొడితే డప్పులా పలకాలి. పలకకపోతే అక్కడికక్కడే విప్పి మళ్లీ లాగండి. ఈ బిగువు లేకపోతే పైన ఎంత మంచి దూది పోసినా మధ్యలో గుంట పడుతుంది.

నవారు మీద గోనెపట్టా, దాని మీద కొబ్బరిపీచు పొర, ఆపైన బూరుగు దూది. బూరుగుకాయ వేసవిలో పగులుతుంది, దూది కొనడానికి అదే అదను. దాని పోగు లోపల బోలుగా, పైన మైనపు నునుపుతో ఉంటుంది కాబట్టి నీరు తొందరగా పట్టదు. వానాకాలం చెమ్మ ఎరిగిన ఊళ్లకు అంతకంటే ఏం కావాలి? అయితే నునుపు పోగు చిన్న సందు దొరికినా బయటికి వస్తుంది. లోపలి సంచి దట్టమైన నేతగుడ్డతో కుట్టించి, దూది గట్టిగా కూరించాలి. పరుపులు కుట్టేవారు దబ్బనంతో ఈ చివర నుంచి ఆ చివరకు దారం దూసి బిగిస్తారు. దాంతో దూది ఒక పక్కకు జరగదు.

ఇక బట్ట. కాళ్లు పెట్టుకునేదాని మీద దేవుడి బొమ్మలు ఎవరూ ఒప్పుకోరు కాబట్టి శ్రీకాళహస్తి కలంకారీ దీనికి పనికిరాదు. పెడన అద్దకం వేరు. గోల్కొండ ఏలుబడిలో, పర్షియా వర్తకుల అభిరుచికి తగ్గట్టు తీగలూ పువ్వులూ ఆకులతో పెరిగిన కళ అది. 1611లో బందరులో వర్తకశాల పెట్టిన ఇంగ్లిషువాళ్లు ఈ తీరపు అద్దకాలను ఓడలకెత్తారు. లండన్‌లో ఆ మోజు ఎంత ముదిరిందంటే, తమ ఉన్ని, పట్టు నేతగాళ్లను కాపాడుకోవడానికి 1721లో చట్టమే చేశారు. అద్దకపు నూలుబట్టను ఒంటి మీదే కాదు, ఇంటి సామాన్ల మీద కూడా వాడకూడదన్నారు! అంతటి బట్ట బందరు పక్కనే దొరుకుతుంటే రెగ్జిన్ చుట్టుకోవడం నాకు మింగుడుపడదు.

కరక్కాయ, గేదెపాలలో నానిన గుడ్డ మీద టేకు అచ్చుతో అద్దుతారు. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. స్క్రీన్ ప్రింటు కూడా కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు, చూసి కొనండి. చేతి అచ్చు అయితే రెండు అచ్చులు కలిసేచోట గీత ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తప్పుతుంది. బట్ట పల్చన కనుక కింద మందపు లైనింగు వేయించి, అడుగున నాడాలతో కట్టుకునే గలేబుగా కుట్టించండి.

ఏటా వేసవిలో గలేబు విప్పి కుంకుడురసంలో ఉతికి నీడన ఆరేయాలి. దూది సంచిని ఎండలో పడేసి దులపాలి. నవారు జారితే మేకులు పీకి మళ్లీ బిగించుకోవాలి. పెడనలో బట్ట కొనేటప్పుడే ఒక మీటరు ఎక్కువ తీసుకోండి. ఆకులు, వేళ్లతో కాచే రంగు కదా, అచ్చు అదే అయినా మరో ఏడు కాగులో అదే ఎరుపు తేలదు.