దాహం – గుండె చప్పుడు



ఎండాకాలపు ఉపవాసంలో అసర్ వేళకు కొందరికి గుండె దడదడలాడుతుంది. కూర్చున్నచోటు నుండి లేవగానే కళ్లు తిరుగుతాయి. ఇది తమ విశ్వాసంలోని బలహీనత అని భావించి, ఇంట్లోవారికి చెప్పకుండా దాచుకునే పెద్దలున్నారు. నీటి కొరత ఏర్పడినప్పుడు దేహం చేసే ప్రయత్నమే ఆ దడ అని వారు గ్రహించాలి.

మన రక్తంలోని ద్రవభాగంలో 90 శాతానికి పైగా నీరే. చెమట రూపంలో పోయిన నీరు తిరిగి చేరనప్పుడు ప్రవహించే రక్తం తగ్గుతుంది. గుండెకు చేరే రక్తం తగ్గితే, ఒక్కొక్క స్పందనకు అది పంపే రక్తమూ తగ్గుతుంది. ఉదాహరణకు, గుండె స్పందనకు 70 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే దేహానికి సుమారు 5 లీటర్ల రక్తం అందుతుంది. ఆ 70 మిల్లీలీటర్లు 55కు తగ్గాయనుకోండి. అంతే రక్తాన్ని అందించడానికి గుండె 90 సార్లు కొట్టుకోవలసి వస్తుంది. మెడలోని ధమనులలోను, గుండె నుండి బయలుదేరే మహాధమనిలోను ఉన్న సూక్ష్మ నాడులు రక్తపు ఒత్తిడి తగ్గడాన్ని పసిగట్టి మెదడుకు తెలుపుతాయి. మెదడు గుండెను వేగిరపరుస్తుంది. మనం ఆజ్ఞాపించకుండానే జరిగే ఈ ఏర్పాటులో సృష్టికర్త కారుణ్యం కనిపించడం లేదా?

అయితే ఈ ఏర్పాటుకూ ఒక హద్దు ఉంది. నీటితోపాటు సోడియం, పొటాషియం వంటి లవణాల సమతుల్యం చెడితే గుండె లయ తప్పవచ్చు. వృద్ధులకు, గుండె జబ్బు ఉన్నవారికి, మూత్రం ఎక్కువగా పోయే రక్తపోటు మాత్రలు వాడేవారికి ఈ ప్రమాదం అధికం. పైగా వయసు మీరినకొద్దీ దాహం తెలియడం మందగిస్తుంది.

కనుక ఇటువంటివారు రమజాన్‌కు ముందే వైద్యుని సంప్రదించాలి. మాత్రలు తమంతట తాము మానరాదు. ఇఫ్తార్ మొదలు సహరీ వరకు నీటిని కొద్దికొద్దిగా పలుమార్లు త్రాగాలి. నీరు మితంగా త్రాగమని వైద్యుడు చెప్పి ఉంటే ఆ హద్దును పాటించాలి. నీడలో విశ్రమించినా దడ తగ్గకపోతే, నాడి లయ తప్పితే, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ఆలస్యం చేయక ఉపవాసం విరమింపజేసి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

వ్యాధిగ్రస్తులు ఇతర దినాలలో ఉపవాసాల లెక్క పూర్తి చేసుకోవచ్చని దివ్య ఖుర్ఆన్ అనుమతించింది. ఉపవాసాన్ని విధించిన అల్లాహ్‌యే ఈ సడలింపునూ ప్రసాదించాడు. దేహం ఆయన మనకు అప్పగించిన అమానతు.

ఈ రోజు జుమా నమాజు ముగించుకుని ఇంటికి వెళ్లాక, మీ ఇంటి పెద్దల చెంత కూర్చోండి. గుండె దడగా ఉంటోందేమో అడగండి. అది దాచుకోవలసిన విషయం కాదని వారికి నచ్చజెప్పండి.