సెకనుకు 16 దెబ్బలు

మా ఊరు అగళి. ఇంటి వెనక వక్కతోట. చెట్ల తలలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి కాబట్టి ఆకాశం ముక్కలు ముక్కలుగానే కనపడేది. అందుకే హెలికాప్టర్ వస్తున్న సంగతి మాకు కంటితో తెలిసేది కాదు. ముందు వంటింటి గూట్లో బోర్లించిన ఇత్తడి గిన్నెలు సన్నగా అదిరేవి. తర్వాత రొమ్ములో ఎవరో లోపలినుంచి తట్టినట్టుండేది. చెవికి అందేది ఆ తర్వాతే. మేం పిల్లలం కల్లంలోకి పరుగెత్తేవాళ్లం. "ఏమప్పా, మిద్దె మీద పడేట్టుండాదే" అంటూ అవ్వ కొంగు నెత్తిన కప్పుకొని మా వెనకే వచ్చేది. లావుపాటి పొట్ట, ముందు గుండ్రటి అద్దాల ముక్కు, వెనక పొడుగాటి తోక. శెనక్కాయ చేల మీదుగా, తొందరేమీ లేనట్టు, ఆగ్నేయ మూలకు పోయేది.

ఆ మూలన ఉన్నది యలహంక. హిందూపురంలో బెంగళూరు రైలెక్కితే గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం దాటాక వస్తుంది. అక్కడి వైమానిక స్థావరంలోనే 2017 డిసెంబరు 17న మన వైమానిక దళం ఎంఐ-8 హెలికాప్టర్‌కు వీడ్కోలు చెప్పింది. 1972లో దళంలో చేరింది, 45 ఏళ్లు పనిచేసింది. మొత్తం 107 వచ్చాయి. రష్యాలో దాని పేరు ఒక అంకె మాత్రమే. మనవాళ్లు ప్రతాప్ అని పిలుచుకున్నారు. ఆ వీడ్కోలు వార్త చదివిన రోజు నాకు గుర్తొచ్చింది యుద్ధాలు కాదు, మా గూట్లో గిన్నెలు.

అవి ఎందుకు అదిరేవో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఎంఐ-8 నెత్తిన ఐదు రెక్కల పంకా ఉంటుంది. ఒక కొస నుంచి ఎదుటి కొసకు 21 మీటర్ల పైమాటే. అంత పెద్ద పంకా నిమిషానికి తిరిగేది 192 చుట్లు మాత్రమే. ఇంట్లో సీలింగ్ ఫ్యాను అంతకంటే జోరుగా తిరుగుతుంది. ఆ 192ను ఐదుతో గుణించి 60తో భాగిస్తే 16 వస్తుంది. అంటే సెకనుకు 16 సార్లు ఏదో ఒక రెక్క గాలిని కిందికి మొత్తుతుందన్నమాట. మనిషి చెవి పట్టుకోగలిగిన అతి మంద్రమైన శబ్దం సెకనుకు 20 కంపనాల దగ్గర మొదలవుతుంది. 16 అంతకంటే కిందే. అందువల్ల ఆ అసలు దెబ్బ చెవికి అందదు. ఒంటికి అందుతుంది, కిటికీ రెక్కకు అందుతుంది, గూట్లో ఇత్తడికి అందుతుంది. మనం విన్నామనుకునే డబడబ దాని పై స్థాయిల్లో పుట్టే ధ్వని.

ఎంఐ-8ను గీసిన మనిషి మిఖాయిల్ మిల్. 1909లో సైబీరియాలోని ఇర్కుట్స్క్‌లో పుట్టాడు. ఆయన అంతకుముందు చేసిన ఎంఐ-4 మన దగ్గరా ఎగిరింది. దాని ఇంజన్ పిస్టన్‌ది, బరువైనది. ముక్కులో ఉండేది. పైలట్లు ఆ ఇంజన్ మీద ఎక్కి కూర్చున్నట్టుండేవారు. ఇంజన్ నుంచి నెత్తిన పంకా దాకా ఇరుసు ఒంటి మధ్యగా పైకి పోయేది. మిల్ చేసిన మార్పు చెప్పుకోవడానికి చిన్నదే. పిస్టన్ ఇంజన్ తీసేసి, తేలికైన టర్బైన్‌ను కప్పు మీద పెట్టాడు. దాంతో ముక్కు ఖాళీ అయి పైలట్లకు అద్దాల గది వచ్చింది. పొట్ట మొత్తం ఖాళీ అయి మనుషులకు, మూటలకు చోటు వచ్చింది. వెనక వైపు రెండు తలుపులు పెట్టి, చిన్న బండిని తిన్నగా లోపలికి తోలుకుపోయేలా చేశాడు. 24 మంది సైనికులు పడతారు. మంచాలు అమరిస్తే 12 మంది క్షతగాత్రులు. 1961లో ఎగిరిన మొదటి నమూనాకు ఒకే ఇంజన్, నాలుగు రెక్కలు. తర్వాత అవి రెండు ఇంజన్లు, ఐదు రెక్కలు అయ్యాయి. ఒక్కో ఇంజన్ 1,500 హార్స్‌పవర్. ఒకటి ఆగిపోతే రెండోది తనంతట తానే జోరు పెంచుకుంటుంది. మిల్ 1970 జనవరిలో పోయాడు. ఎంఐ-8 మన ఆకాశంలో ఎగరడం ఆయన చూడలేదు.

తోక కొసన ఉన్న మూడు రెక్కల చిన్న పంకా ఎందుకని చిన్నప్పుడు నాయనను అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు, బోరు దగ్గరికి తీసుకుపోయాడు. స్విచ్ నొక్కగానే పైపు ఒక్కసారి మెలిదిరిగినట్టు విదిలించుకుంటుంది. మా వైపు రైతులందరికీ ఆ విదిలింపు తెలుసు. లోపల ఇరుసు ఒకవైపు తిరగబోతే మోటారు ఒళ్లు రెండో వైపు తిరగబోతుంది. బోరులో పైపు, నేల దాన్ని పట్టి ఆపుతాయి. గాల్లో ఉన్న హెలికాప్టర్‌ను పట్టుకునే నేల ఏది? పైన పంకా ఒకవైపు తిరిగితే కింద ఒళ్లంతా బొంగరంలా ఎదురు తిరగాల్సిందే. తోక పంకా గాలిని పక్కకు నెట్టి ఆ తిరుగుడును ఆపుతుంది. పైలట్ కాలి పెడళ్లతో దాన్ని హెచ్చించి తగ్గించి ముక్కును కావలసిన దిక్కుకు తిప్పుతాడు. ఎంఐ-8లో ఈ పంకా తోకకు కుడి పక్కన ఉంటుంది. ఈ ఒక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండు ఇంజన్లూ ఆగిపోతే రాయిలా పడిపోతుందని చాలామంది అనుకుంటారు. పడదు. జాలారి చెట్టు కాయను చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. దాని రెక్కలు గాలికి గిర్రున తిరుగుతుంటే కాయ మెల్లగా నేలకు చేరుతుంది. హెలికాప్టర్ కూడా అంతే. ఇంజన్లు ఆగగానే పైలట్ రెక్కల వాలు తగ్గిస్తాడు. కింది నుంచి ఎగదన్నే గాలే పంకాను తిప్పుతూ ఉంటుంది. నేల దగ్గరపడగానే, తిరిగే రెక్కల్లో కూడిన ఆ ఊపునంతా ఒకేసారి వాడుకుని రెక్కల వాలు పెంచుతాడు. దిగే వేగం తగ్గుతుంది. ఆ అవకాశం ఒక్కసారే. అయినా ఒకటుంది.

నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచేది రెక్కల సంగతి. ఎంఐ-8 రెక్క లోపల అల్యూమినియం దూలం ఒకటి ఉంటుంది, బోలుగా. అందులో సైకిలు ట్యూబులో కొట్టినట్టు గాలి కొట్టి మూసేస్తారు. దూలానికి వెంట్రుకవాసి పగులు వచ్చినా గాలి జారిపోతుంది. రెక్క మొదట్లో ఉన్న చిన్న గాజు గొట్టంలో ఎర్రరంగు బయటపడుతుంది. మెకానిక్ తల పైకెత్తి ఐదు రెక్కల మొదళ్లూ ఒకసారి చూస్తే చాలు. కంప్యూటర్ అక్కర్లేదు. ఊరికి దూరంగా, మంచులో, ఇసుకలో పనిచేయాల్సిన యంత్రానికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు నేను చూడలేదు.

ఆ దూరాలు అది నిజంగానే పోయింది. 1983-84లో అంటార్కిటికాకు వెళ్లిన మూడో భారత యాత్రలో ఎంఐ-8లు ఉన్నాయి. అక్కడ దక్షిణ గంగోత్రి స్థావరం లేచింది ఆ వేసవిలోనే.  1984లో సియాచిన్‌కు సైన్యాన్ని పంపిన ఆపరేషన్ మేఘదూత్‌లోనూ ఇది ఉంది. దీని రష్యా తోబుట్టువులు 1986లో చెర్నోబిల్‌లో పేలిన రియాక్టర్ మీద ఇసుక, బోరాన్ కుమ్మరించాయి. ఆ అక్టోబరులో ఒకదాని రెక్క క్రేన్ తీగకు తగిలి కూలింది. అందులోని నలుగురూ పోయారు.

అభిమానం ఉందని చేదు సంగతి దాచలేను. 1987 అక్టోబరు 11 రాత్రి శ్రీలంకలోని జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో మన ఎంఐ-8లు పారా కమాండోలను, సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లను దించాయి. కింద తమిళ తిరుగుబాటు దళం ఎల్‌టీటీఈ కాచుకుని ఉంది. చీకట్లో దిగే హెలికాప్టర్ ఎంత నిస్సహాయమైనదో చెప్పాలంటే నాకు మా పెరట్లో గుడ్లమీది కోడి గుర్తొస్తుంది. కదలదు, కదలలేదు. తూటాలు ఒంట్లో దిగినా ఆ ఎంఐ-8లు పలాలి స్థావరానికి తిరిగివచ్చాయి. కానీ కాల్పుల వల్ల మిగతా సైన్యాన్ని దించడం కుదరలేదు. దిగిన ఆ సిఖ్ ప్లాటూన్‌లో ఒక్కరు తప్ప అందరూ మరణించారు. బండి తన పని చేసింది. ఆ రాత్రికి ఆ మాట ఏమాత్రం ఊరట కాదు.

యంత్రానికి ముసలితనం రెక్కల్లోంచి, ఎముకల్లోంచి వస్తుంది. ఇన్ని గంటల తర్వాత ఈ భాగం మార్చాలి, ఇన్నేళ్ల తర్వాత ఒళ్లంతా పక్కన పెట్టాలి అని లెక్కలుంటాయి. పైగా ఎండాకాలపు పలచటి గాలిలో, కొండల ఎత్తున పాత ఇంజన్లకు ఊపిరి చాలేది కాదు. అదే ఒంటికి ఒక్కోటి సుమారు 1,900 హార్స్‌పవర్ ఉన్న కొత్త ఇంజన్లు పెడితే ఎంఐ-17 అయింది. తోక పంకాను కుడి నుంచి ఎడమకు మార్చారు. 1980ల మధ్య నుంచీ అది తండ్రి పక్కనే పనిచేస్తూ వచ్చింది. 2017లో తండ్రి తప్పుకున్నాడు, అంతే.

విశాఖలో నౌకాదళం తన పాత యంత్రాలను జనానికి చూపిస్తుంది. టీయూ-142 విమానం సముద్రపు ఒడ్డున మ్యూజియంగా ఉంది. 2024 జూన్‌లో విరమించిన యూహెచ్-3హెచ్ హెలికాప్టర్‌ను కూడా ప్రదర్శన కోసం రాష్ట్రానికి అప్పగించారు. హిందూపురంలోనో ధర్మవరంలోనో ఒక ఎంఐ-8 నిలబెడితే ఎంత బాగుంటుందో అని నాకు గట్టి కోరిక. మా పిల్లలు రెక్క మొదట్లోని ఆ గాజు గొట్టాన్ని కళ్లతో చూడాలి.

ఎంఐ-8 పోయినా దాని బిడ్డ మా వైపు వచ్చిన రోజు ఒకటుంది. 2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి పొంగింది. ఏటా నీటికోసం ఎదురుచూసే ఆ ఇసుక ఏరే. ప్రవాహంలో కారుతో చిక్కుకున్నవాళ్లను కాపాడబోయిన జేసీబీ కూడా నడినీళ్లలో నిలిచిపోయింది. 10 మంది ఆ జేసీబీని పట్టుకుని ఉండిపోయారు. వాన, మబ్బు, గాలి. వైమానిక దళం ఎంఐ-17 వచ్చి, వాళ్ల నెత్తిన గాల్లోనే నిలబడి, 10 మందినీ పైకి లాక్కుంది. ఆ వీడియోను నేను ఎన్నిసార్లు చూశానో. పక్కన దిగే చోటు లేదు, రన్‌వే లేదు, గట్టి నేల కూడా లేదు. ఉన్నవల్లా మిల్ గీసిన ఆ పొట్ట, ఐదు రెక్కలు.

అవ్వ ఇప్పుడు లేదు. ఇత్తడి గిన్నెలు పోయి స్టీలువి వచ్చాయి. పోయిన నెల అగళిలో వక్కలు ఆరబోసే రేకుల షెడ్డు కింద కూర్చున్నాను. రేకులు అదిరాయి. రొమ్ములో తట్టింది. బయటికి వచ్చి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. తోక పంకా ఎడమ పక్కన ఉంది. ఎంఐ-17. పంకా మాత్రం పాతదాని కొలతే, చుట్లు కూడా నిమిషానికి అవే 192. రేకుల మీద సెకనుకు 16 దెబ్బలు.