ఎవరో గీసిన పట్టాల మీద

అభిమానులు తయారుచేసిన రోలర్ కోస్టర్ డిజైన్‌ను తెచ్చి మన పార్కులో పెట్టుకుంటే అది దొంగాటా?

థీమ్ పార్కు గేముల మీద ముఖచిత్ర కథనం అంటే రంగురంగుల బొమ్మలకు కొదవుండదు. కానీ ఈ ఆటల్లో అన్నిటికన్నా ఆసక్తికరమైనది బొమ్మకు దొరకదు. అది ‘టీడీ6’ అనే తోక తగిలించుకున్న ఓ చిన్న ఫైలు. రోలర్‌కోస్టర్ టైకూన్ 2లో అభిమానులు తాము కట్టిన కోస్టర్‌ను దాచుకునేదీ, నలుగురికీ పంచేదీ ఈ రూపంలోనే. ఇంకొకరు దాన్ని తెచ్చి తమ కంప్యూటర్లో వేసుకుంటే ఆటలోని డిజైన్ల జాబితాలో చేరిపోతుంది. చోటు చూసి మౌస్ నొక్కితే చాలు, కోస్టర్ మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. సొమ్మొకడిది సోకొకడిది అని దీన్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు. సొంతంగా ఒక్కో ముక్కా పేర్చినవాడే ఆటగాడనీ మిగతావాళ్లు దొంగాట ఆడుతున్నారనీ వారి వాదన. ఫైలు విప్పి చూస్తే ఆ వాదన నిలవదు.

అందులో ఏమేం ఉంటాయంటే: రైడ్ రకం, దాని మీద నడిచే బండి రకం, రంగులు, ఎన్ని ట్రైన్లు, ఒక్కో ట్రైన్‌కు ఎన్ని కార్లు, స్టేషన్‌లో ఎంతసేపు ఆగాలి, గొలుసు ఎంత వేగంతో పైకి లాగాలి. ట్రాక్ ముక్కలన్నీ వరసగా ఉంటాయి: స్టేషన్, ఎక్కుడు, దిగుడు, పక్కకు ఒరిగిన మలుపు, తలకిందులు చేసే లూపు. గీసినవారు కావాలనుకుంటే చుట్టూ ఉన్న చెట్లూ గోడలూ వస్తాయి. టెస్టులో తెచ్చుకున్న మార్కులు కూడా ఉంటాయి. మజా ఎంతో చెప్పేది ఎక్సైట్‌మెంట్, తీవ్రత ఎంతో చెప్పేది ఇంటెన్సిటీ, కడుపులో ఎంత తిప్పుతుందో చెప్పేది నాసియా. ఇన్ని ఉన్న ఫైలులో లేనివి ముఖ్యంగా రెండు. ఒకటి కోస్టర్ కింద ఉన్న నేల, రెండు గీసినవారి పేరు. మొదటి లోటు వాడుకునేవాళ్లకు చేతినిండా పని పెడుతుంది. రెండోది గీసినవాళ్లకు అన్యాయం చేస్తుంది. దొంగాట తగువంతా మొదటిదాని చుట్టూ జరుగుతోంది, జరగాల్సింది రెండోదాని గురించి.

నేల సంగతే తీసుకుందాం. లోయలోకి దూకి, గట్టును రాసుకుంటూ పైకి లేచేలా ఒకరు కోస్టర్ గీశారు. దాన్నే చదును నేల మీద పెడితే స్తంభాల మీద నిక్కి నిలబడుతుంది, ఎత్తు పెరిగినకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. సొరంగాలు, నీళ్లు, పక్కనుంచి పోయే కాలిబాటలు, దగ్గర్లోని ఇతర పట్టాలు ఎక్సైట్‌మెంట్ లెక్కలోకి వస్తాయి కాబట్టి పాత చోటి మార్కులు కొత్త చోట చెల్లవు, ట్రైన్‌ను మళ్లీ తిప్పి చూడాల్సిందే. మీ పార్కులో ఆ బండి అందుబాటులో లేకపోతే, వేరే బండితో కడుతున్నామనీ అనుకున్నట్టు నడవకపోవచ్చనీ ఆటే హెచ్చరిస్తుంది. ఈ ఆటలో సందర్శకుల బరువు కూడా లెక్కలోకి వస్తుంది, అందుకే ఖాళీ ట్రైన్ ఒకలా, నిండు ట్రైన్ ఇంకోలా పరుగెడతాయి. అసలు ప్రమాదం స్టేషన్‌లో పొంచి ఉంటుంది. ఒకే ట్రైన్ కోసం గీసిన డిజైన్‌కు, క్యూ పెరుగుతోంది కదా అని రెండో ట్రైన్ జోడించారనుకోండి. బ్రేకులు బాగున్నన్నాళ్లూ డబ్బే డబ్బు. అవి ఫెయిలైన రోజున వెనకది ఆగకుండా దూసుకొచ్చి నిలబడి ఉన్నదాన్ని గుద్దేస్తుంది. పార్కు రేటింగ్ కూలిపోతుంది, ఆ రైడ్ సేఫ్ కాదంటూ జనం మొహం చాటేస్తారు. దాన్ని పీకేసి అదే ఫైలుతో మళ్లీ కడితే మాత్రం ఏమీ ఎరగనట్టు ఎగబడతారు! అరువు డిజైన్‌తో ఆట అయిపోదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

చరిత్ర రెండు ముక్కల్లో: క్రిస్ సాయర్ దాదాపు మొత్తంగా అసెంబ్లీ భాషలో రాసిన మొదటి టైకూన్ 1999లో, రెండోది 2002లో వచ్చాయి. మూడోదాన్ని 2004లో ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ తయారుచేసింది. అదే సంస్థ 2016లో ప్లానెట్ కోస్టర్ తెచ్చి, బ్లూప్రింట్ల (అంటే డిజైన్ల) పంపకాన్ని స్టీమ్ వర్క్‌షాప్‌కు ఎక్కించింది. ఈలోగా 2014లో అభిమానులు ఓపెన్‌ఆర్‌సీటీ2 పేరుతో రెండో ఆటను ఓపెన్ సోర్సుగా తిరగరాయడం మొదలుపెట్టారు.

దిగనివ్వని రైడ్
అభిమానుల కోస్టర్లన్నీ సందర్శకుల సుఖం కోసం పుట్టినవి కావు. 2012లో ప్రచారంలోకి వచ్చిన ‘మిస్టర్ బోన్స్ వైల్డ్ రైడ్’ ఆట కాలం ప్రకారం నాలుగేళ్లు సాగుతుంది. ఎక్కినవాళ్లు దిగిపోతాం మొర్రో అని మొత్తుకుంటారు. దిగాక బయటికి నడిస్తే, ఈ రైడ్‌కు అంతం లేదని చెప్పే బోర్డు.

కాపీ కొట్టేవాడు ఏం నేర్చుకుంటాడన్నది రెండో అభ్యంతరం. నిజం పార్కులను చూడండి. డచ్ కంపెనీ వెకోమా 1984 నుంచి బూమరాంగ్ అనే ఒకే నమూనాను ప్రపంచంలో 50కి పైగా చోట్ల నిలబెట్టింది. 1992లో షికాగో దగ్గరి సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో మొదలైన ‘బ్యాట్‌మ్యాన్ ద రైడ్’ అచ్చంగా అదే రూపంలో ఇతర పార్కులకూ పాకింది. రెడీమేడ్ నమూనా కొన్నందుకు పార్కు యజమానిని ఎవరూ దొంగ అనడం లేదు. పైగా ఆటలోని డిజైన్‌ను విప్పొచ్చు. ఒరిగిన మలుపు తీసేసి చదును మలుపు పెట్టి నడిపి చూడండి. పక్కకు తోసే జీ బలం 2.8 దాటితే ఇంటెన్సిటీ ఒక్కసారిగా 3.75 పెరుగుతుంది, 3.1 దాటితే ఎక్సైట్‌మెంట్ సగానికి పడిపోతుంది. పట్టాలు ఎందుకు ఒరగాలో తెలియడానికి ఇంతకన్నా మంచి పాఠం ఉండదు.

నా అనుమానం ఇంకోచోట ఉంది. ఆట మార్కులు వేసే లెక్క బయటపడ్డాక ఆ లెక్క కోసమే గీసే డిజైన్లు పుట్టుకొచ్చాయి. ఇంటెన్సిటీ 10, 11, 12 అనే గీతలు దాటినప్పుడల్లా ఎక్సైట్‌మెంట్‌లో పావు వంతు కోత పడుతుందని తెలిసినవాడు 9.9 దగ్గర ఆపుతాడు. పిడికెడు జాగాలో మెలికలు కుక్కిన మైక్రో కోస్టర్లు మార్కులు దండుకుంటాయి. తెలివైనవే, కాదనను. కానీ వాటిని వరసగా పది పెడితే పార్కు గోడౌన్‌లా ఉంటుంది. అరువు డిజైన్ మీద ఫిర్యాదు చేయాలంటే దీని మీద చేయండి.

ఇక పేరు. ప్లానెట్ కోస్టర్ వర్క్‌షాప్‌లో ప్రతి బ్లూప్రింట్ పక్కనా చేసినవారి పేరు కనిపిస్తుంది. టీడీ6లో ఆ గడే లేదు. ఫైలు పేరులో తమ పేరు ఇరికించుకున్నా, తర్వాతివాడు మార్చేస్తే అంతే సంగతి. ఉచితంగా ఇచ్చినదానికి పేరెందుకు అంటారు కొందరు. ఉచితంగా ఇచ్చినవాళ్లకు దక్కేది ఆ పేరొక్కటే కదా! ఆటలో రైడ్ పేరు మనమే మార్చుకోవచ్చు. గీసిందెవరో తెలిస్తే వాళ్ల పేరు అక్కడ రాయడానికి పట్టేది అరనిమిషం, తెలియకపోతే ‘అజ్ఞాత’ అని రాయడానికి అంతకన్నా తక్కువే.